అవతలివాడి వంతు

మా తాతయ్య భూగోళాన్ని జయించాడు. బనియను మీద కూర్చుని, ఒక చేత్తో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, రెండో చేత్తో సముద్రాలు దాటి, ఎదురొచ్చిన చక్రవర్తులందరినీ బస్సు వెనక పరిగెత్తినట్టు పరిగెత్తించాడు. ఆయన గుర్రాలు తొక్కని నేల లేదు, ఆయన పేరు చెబితే వణకని కోట లేదు. చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి లేదంటే తప్పు పుస్తకాలది. ఇది రాస్తున్న మనవరాలు ఆ పుస్తకాలు పూర్తిగా చదవలేదు గానీ, చదివినవాళ్ళెవరూ ఇంతవరకు వచ్చి కాదనలేదు.

ఇంతటి విజేత ఉద్యోగం సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అందరూ ఆయన్ని ఎక్స్‌ప్రెస్ అనేవాళ్ళు. నడిపింది మాత్రం ప్రతి స్టాపులోనూ ఆగే బస్సు. ఆగినప్పుడల్లా ఆయన చెయ్యి హారన్ మీదికి వెళ్ళేది. రిటైరై బస్సు దిగాడు గానీ బస్సు ఆయన్నుంచి దిగలేదు. ఇంట్లో కుర్చీలో కూర్చుంటే కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. ఆటోలో వెళితే ఆటోవాడి కంటే ముందు ఈయన బ్రేకు వేస్తాడు. టీ పొయ్యి మీద ఉండగానే గ్లాసు పట్టుకుని నిలబడతాడు. ఎవరైనా తలుపు కొట్టబోతే, కొట్టకముందే తీస్తాడు.

"ఈయన కూర్చుంటే కుర్చీకి కాళ్ళొస్తాయి" అనేది నాయనమ్మ. "నేను వంటింట్లోంచి హాల్లోకి వచ్చేలోపు ఈయన వీధి చివరిదాకా వెళ్ళి వస్తాడు. ఏం తెచ్చావయ్యా అంటే ఏమీ లేదంటాడు."

ఆయన ఒక్కచోట కుదురుగా కూర్చున్న కాలం ఏదైనా ఉందంటే, అది స్టీరింగు ముందు. వెనకనుంచి కండక్టరు గొంతు వినిపిస్తూ ఉండాలి, అంతే. ఆ కండక్టరు ఆయన ప్రాణస్నేహితుడు. రోజంతా "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని అరిచి అరిచి డిపోలో ఆయన పేరే జరగండి అయిపోయింది. టికెట్లు ఇచ్చేసి డ్రైవరు సీటు వెనక కడ్డీకి ఆనుకుని నిలబడి, ఇంటి సంగతులు, ఊరి సంగతులు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, అన్నీ తాతయ్య వీపుకి చెప్పేవాడు. తాతయ్య వెనక్కి తిరక్కుండానే నవ్వేవాడు, తిరక్కుండానే తిట్టేవాడు. అన్నేళ్ళూ ఆ మాటలు వీపుతో వినీ వినీ, వాడు నోరు తెరిస్తే చాలు మిగతాది నేను చెబుతానన్న ధీమా ఈయనకు వచ్చేసింది.

ఆ ధీమాయే కొంప ముంచింది.

కండక్టర్ తాతకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. తెలివి చెక్కుచెదరలేదు, మాట మాత్రం గోనెసంచిలోంచి పిల్లిపిల్లను తీసినట్టు, ఎంతో పెనుగులాడితే గానీ బయటికి వచ్చేది కాదు. తాతయ్య రోజూ చూడటానికి వెళ్ళేవాడు. వెళ్ళి చేసిందేమిటి? పక్కవాడి మాట తాను పూర్తి చెయ్యడం.

"ఆ... కిటికీ..." అని కండక్టర్ తాత మొదలుపెట్టేవాడు.

"చలిగాలి కదూ? ఉండరా, మూసేస్తా" అని ఈయన లేచి మూసేసేవాడు. పాపం ఆయన చెప్పబోయింది, ఆ కిటికీలోంచి చూస్తే మన రూటు బస్సులన్నీ కనబడుతున్నాయిరా అని.

"ఫ్యాను..."

"ఎక్కువ చెయ్యాలా? చేస్తా."

ఇలా మంచి ఉక్కపోతలో కిటికీలు మూసుకుని, చలికాలంలో ఫ్యాను గాలికి ముడుచుకుని, స్నేహితుడి ఆదరణ అంతా భరించాడాయన. ఒకరోజు "నువ్వు..." అన్నాడు.

"నేనా? నాకేంరా, దున్నపోతులా ఉన్నాను. మోకాలు ఒక్కటే కాస్త..."

కండక్టర్ తాత ఎడమచేత్తో కుర్చీ చేతిని గట్టిగా చరిచాడు. తాతయ్య ఆగాడు. ఆ మాట ఎలా పూర్తవుతుందో ఆయనకు మొదటిసారి తట్టలేదు.

"నువ్వు... ఇంక... రావద్దు."

తాతయ్య చెప్పులేసుకుని ఇంటికి వచ్చేశాడు. మర్నాటినుంచి ఆయన తిరుగుడు రెట్టింపైంది. మేడ మీదికి, కిందికి, వీధిలోకి, మళ్ళీ మేడ మీదికి. కొన్నాళ్ళకు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికో వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎక్కడికో కాదు, కండక్టర్ తాత ఇంటి ఎదురుగా ఉన్న బస్సు స్టాపుకి. బస్సు వచ్చేది, తలుపు తెరుచుకునేది, తాతయ్య ఎక్కేవాడు కాదు. జీవితంలో ఒక్క స్టాపులో క్షణం ఎక్కువ ఆగని మనిషి, అక్కడ నిలబడి బస్సు తర్వాత బస్సు వదిలేసేవాడు.

చివరికి కండక్టర్ తాత కూతురే రోడ్డు దాటి వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆవిడకు ఎదుటివాళ్ళ కళ్ళు చూసి మాట్లాడటం అలవాటు.

"బాబాయ్, మీరు ఏ బస్సు కోసం చూస్తున్నారు?"

"ఏదో... ఒకటి వస్తుంది కదమ్మా."

"అన్నీ వచ్చాయి. నాన్న కిటికీలోంచి లెక్కపెడుతూనే ఉన్నాడు." ఆవిడ నవ్వు ఆపుకుంది. "వినండి. ఎడమచెయ్యి బాగా వాడాలని డాక్టర్లు నాన్నకి చెప్పారు. అందుకని కంప్యూటర్లో పాతకాలం యుద్ధాల ఆట ఒకటి పెట్టాను. ఇప్పుడు లేవమన్నా లేవడు. ఇద్దరు కూడా ఆడొచ్చట, ఒకరి తర్వాత ఒకరు. ఆట నేర్చుకుంటే మిమ్మల్ని రమ్మన్నాడు."

తాతయ్య అప్పటికే రోడ్డు మీదికి ఒక అడుగు వేశాడు.

"ఆగండి, ఒక షరతు. నాన్న వంతులో మీరు మౌసు ముట్టకూడదు. ఒక్క మాట మాట్లాడకూడదు. మాట్లాడితే ఆట లేదు, మీరూ లేరు. ఇది చెప్పడానికి నాన్నకి పొద్దుటినుంచి పట్టింది, నేను మాత్రం మార్చలేను."

ఆ సాయంత్రమే మనవరాలి పాత లాప్‌టాప్ ముందు తాతయ్య చదువు మొదలైంది.

"ఇదేంటే, అంతా నల్లగా ఉంది? లైటు పెంచు."

"అది చీకటి కాదు తాతయ్యా. నువ్వింకా చూడని నేల. మనిషిని పంపితే తెరుచుకుంటుంది."

"పంపు మరి."

"పంపాను. ఒక్క గడి. ఈ వంతుకి అంతే."

"ఒక్క గడా? ఈ లెక్కన వీడు ఊరు దాటేసరికి పెన్షనొస్తుంది."

ఆటలో ముందు ఒక ఊరు, ఒక ఈటెవాడు ఉంటారు. మనం ఊళ్ళు కట్టాలి, విద్యలు నేర్పాలి, పక్క రాజ్యాల మీద కన్నేసి ఉంచాలి. అందరినీ కదిపాక మూలనున్న పెద్ద మీట నొక్కితే మన వంతు ముగిసి అవతలివాళ్ళది మొదలవుతుంది. ఆ మీట చూడగానే తాతయ్య కళ్ళు మెరిశాయి. ఇంకేం చెయ్యలేదు. ఆపకుండా దాన్నే కొట్టాడు. చుట్టుపక్కల రాజ్యాలు గోడలు కట్టుకున్నాయి, ఓడలు చేసుకున్నాయి, బడులు పెట్టుకున్నాయి. మన ఈటెవాడు ఎక్కడ పుట్టాడో అక్కడే ఈటె పట్టుకుని నిలబడ్డాడు.

"తాతయ్యా, ఆట లెక్కలో ఐదొందల ఏళ్ళు హారన్ కొట్టావు."

"ముందున్నవాడు కదలకపోతే ఏం చెయ్యమంటావే?"

"ముందున్నవాడు నీ మనిషే."

కంప్యూటరు వంతు వచ్చినప్పుడు తెర మీద ఇసుక గడియారం గిర్రున తిరిగేది. తాతయ్యకు అరికాళ్ళు మండేవి. "వాళ్ళేం చేస్తున్నారు?"

"ఆలోచిస్తున్నారు."

"ముందు ఎక్కమను. ఎక్కాక లోపల ఆలోచించుకుంటారు."

వారం తిరిగేసరికి మీట మీది చెయ్యి కాస్త అదుపులోకి వచ్చింది. నాలుగు ఊళ్ళు కట్టాడు, గుర్రపురౌతుల్ని తయారుచేశాడు. కానీ రాజ్యం ఎంతకీ పెరగదేమా అని చూస్తే అసలు సంగతి తెలిసింది. పొద్దున గుర్రాల్ని తలో దిక్కుకీ పంపుతాడు. అవి పాపం వంతుకి రెండు గడుల చొప్పున కొండలు దాటి, అడవులు దాటి వెళతాయి. లాప్‌టాప్ మూసే వేళకి ఆయన మళ్ళీ వంతు తర్వాత వంతు వాటన్నిటినీ వెనక్కి నడిపించి, మొదటి ఊళ్ళో పెట్టేస్తాడు.

"ఎందుకు వెనక్కి తెచ్చావు?"

"మరి రాత్రికి ఎక్కడుంటాయి?"

"అక్కడే ఉంటాయి."

"బండిని రోడ్డు మీద వదిలేసి ఇంటికొస్తారటే ఎవరైనా?"

"ఆటలో రాత్రి ఉండదు తాతయ్యా."

"మనకుంది కదా" అన్నాడాయన. ఆ ఊరికి పేరు పెట్టమంటే డిపో అని పెట్టాడు. మిగతా ఊళ్ళలో కాపలాకి ఒక్క పురుగు లేదు. సైన్యమంతా డిపోలో వరసగా, మూతులు గేటు వైపు పెట్టి నిద్రపోయేది. మనవరాలు తిట్టి చూసింది, బతిమాలి చూసింది. ముప్పై ఏళ్ళ అలవాటు, మౌసుతో పోతుందా?

ఆట సంగతి ఎలా ఉన్నా, అసలు పరీక్ష నోరు. దానికోసం వేరే సాధన పెట్టారు. మనవరాలు తన వంతు తీసుకుని, జడ విప్పి, దువ్వి, మళ్ళీ అల్లుకుని, అరటిపండు తిని, తొక్క పారేసి వచ్చి, అప్పుడు ఒక మనిషిని ఒక గడి జరిపేది. మొదటి రోజు జడ దగ్గరే తాతయ్య ఓడిపోయాడు.

"ఆ గుర్రాన్ని కదపవేం?"

"మాట్లాడావు. ఆట లేదు, నువ్వూ లేవు."

ఆయన లేచి చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. "మళ్ళీ పెట్టు" అన్నాడు. అలా ఎన్నిసార్లు వెళ్ళి వచ్చాడో ఆ చెప్పుల అరుగుదల చూస్తే తెలుస్తుంది. అరటిపండు దాకా వచ్చాడు. తొక్క దాకా వచ్చాడు.

"ఈయనకేం మందు పెట్టావే?" అంది నాయనమ్మ, కుర్చీలో మనిషి ఉన్నాడని నమ్మక రెండుసార్లు తొంగి చూసి.

ఆ తర్వాత ఒకరోజు తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని రోడ్డు దాటాడు. అక్కడ జరిగింది సగం కండక్టర్ తాత కూతురు చెప్పింది. ఆ రోజు ఎందుకైనా మంచిదని ఆవిడ సెలవు పెట్టి వంటింట్లో కాచుకుని ఉంది. మిగతా సగం తాతయ్య కుడికాలు చెప్పింది. సాయంత్రానికి అది వాచింది.

కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు, రెండు కుర్చీలు. కండక్టర్ తాత చూసి తల ఊపాడు, అంతే. తాతయ్య కూర్చున్నాడు. తన వంతు గబగబా ముగించాడు. అవతలి వంతు మొదలైంది.

ఎడమచెయ్యి వచ్చి మౌసు మీద పడింది. వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకున్నాయి. తెర మీద బాణం వణుక్కుంటూ బయల్దేరి, తన గుర్రపురౌతును దాటిపోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ దాటిపోయింది. తాతయ్య చెయ్యి దానంతటదే మౌసు వైపు వెళ్ళింది. సగంలో గుర్తొచ్చి ఆ చేత్తో తల గోక్కున్నాడు. దురదేం లేదు.

అలా వంతులు గడిచాయి. కండక్టర్ తాత రౌతు ఒకడు తాతయ్య ఊళ్ళలో ఒకదాని అంచుకి వచ్చి ఆగాడు. కండక్టర్ తాత ఆ ఊరి వైపు చూశాడు, తాతయ్య వైపు చూశాడు.

"ఒరేయ్..."

తాతయ్య వీపు నిటారుగా అయింది. ఏమంటాడు? ఒరేయ్, నీళ్ళు అంటాడా? ఒరేయ్, సంధి చేసుకుందాం అంటాడా? ఒరేయ్, చాలు, ఇంక వెళ్ళు అంటాడా? ఆ మూడోది తోచగానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఏదో ఒక మాట అందించేస్తే తేలిపోతుంది, మంచో చెడో. మాట నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల కింద కాలు బ్రేకు తొక్కింది, ఎంత గట్టిగా తొక్కిందంటే కుర్చీ వెనక్కి జరిగింది. కింద స్టాపులో బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. బస్సు వెళ్ళిపోయింది. ఎదుటి పెదవులు కదులుతున్నాయి, మాట ఇంకా రాలేదు. తాతయ్య పళ్ళు కరుచుకుని చూస్తున్నాడు. వంటింట్లో కూతురు చేస్తున్న పని ఆపేసింది.

"ఒరేయ్... ఈ ఊళ్ళో... మనుషులేరీ?"

సగం ముఖమే నవ్వింది. రౌతు ఒక్క గడి ముందుకొచ్చి ఊరు పట్టేసుకున్నాడు. తాతయ్య సంజాయిషీ చెప్పబోయి నోరు తెరిచాడు. ఇంకా వాడి వంతే. మూసేశాడు. కండక్టర్ తాత అది గమనించాడు. నింపాదిగా బాణాన్ని మూలకి నడిపించుకెళ్ళి, మీట నొక్కి, వెనక్కి వాలాడు.

"ఇప్పుడు... చెప్పు."

"పొద్దుపోయింది కదరా" అన్నాడు తాతయ్య. "అందరినీ డిపోలో పెట్టాను."

కండక్టర్ తాత భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఏమైందోనని కూతురు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఏమీ కాలేదు. నాన్న నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారేలా. ఆ తర్వాత మరో రెండు ఊళ్ళు పట్టుకున్నాడు, ఒక్కటంటే ఒక్క బాణం వెయ్యకుండా. తాతయ్య లేచేటప్పుడు మళ్ళీ పెదవులు కదిలాయి. తాతయ్య గడప దగ్గర, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతికి, అలాగే నిలబడి విన్నాడు.

"రేపు... మిగతావి."

అప్పటినుంచి రోజూ వెళుతున్నాడు. భూగోళం జయించినాయన రోజూ ఓడిపోయి వస్తున్నాడు. మారాడని మాత్రం అనుకోకండి. టీ మరగకముందే గ్లాసు పడుతూనే ఉన్నాడు, ఆటోలో బ్రేకులు వేస్తూనే ఉన్నాడు, నాయనమ్మ మాటని సగంలో లాక్కుని తప్పుగా పూర్తి చేస్తూనే ఉన్నాడు. ఆ ఓపికంతా ఒక్క గదికి, ఒక్క మనిషికి.

ఇది రాస్తూ మనవరాలు ఆగలేక అడిగింది. "తాతయ్యా, ఆ రోజు అంతసేపు ఎలా ఆగావు? లోపల ఏమనిపించింది? భయమేసిందా? ఆయన నిన్ను మళ్ళీ పంపించేస్తాడని..."

"వాడు మాట్లాడుతున్నాడు, నేను నోరు మూసుకున్నాను" అన్నాడాయన. "నువ్వూ మూసుకో."