బాబాయి, ఎనిగ్మా, కాస్త చక్కెర

మా బాబాయి ఏ మాటా తిన్నగా చెప్పడు. ఉప్పు కావాలన్నా రహస్య లిపిలోనే అడుగుతాడు. అక్షరాలన్నీ తారుమారు చేసి, ఐదేసి చొప్పున విడగొట్టి, ఆ చీటీ ఫ్రిజ్ మీద అంటిస్తాడు. పిన్ని వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, కళ్ళద్దాలు తుడుచుకుని, గంటసేపు కుస్తీ పట్టి "ఉప్పట" అని ప్రకటిస్తాడు. ఈలోగా అందరం చప్పిడి కూరతో భోజనం కానిచ్చేసి ఉంటాం.

"మీ బాబాయితో వేగలేకపోతున్నానురా. మొన్న చీటీలో అక్షరం తప్పు రాశారు. ఇంటికి చక్కెర రాలేదు" అంది పిన్ని.

"నోటితో చెప్పొచ్చుగా?"

"శత్రువులు వింటారట."

"ఏ శత్రువులు?"

"ఇంట్లో ఇంకెవరున్నారు, నేనే కాబోలు."

రెండో ప్రపంచ యుద్ధకాలంలో తాతయ్య పని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని శత్రువుల రేడియో సందేశాలు రాసుకోవడం. అన్నీ అర్థంలేని అక్షరాలే. కాగితం నిండగానే పైవాళ్ళు పట్టుకుపోయేవారు. "అందులో ఒక్క మాటైనా ఉందో, వయసంతా చెత్త రాశానో" అని ఇప్పటికీ మథనపడుతుంటాడు.

ఆ సందేశాలను రహస్య లిపిలోకి మార్చే జర్మన్ల ఎనిగ్మా యంత్రం ఒకటి మా ఊరి మ్యూజియానికి వచ్చింది. బాబాయి కాళ్ళావేళ్ళా పడితే, అక్కడి అధికారిణి ఒక్కరు, ఒక్క వాక్యం మాత్రం దానిమీద కొట్టడానికి ఒప్పుకుంది.

చెక్కపెట్టె మూత తెరిచింది. నల్లని గుండ్రటి మీటలు, వాటి వెనక అక్షరాల దీపాలు, పైన పళ్ళ చక్రాలు. బాబాయి చేతులు కట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఊపిరి పీల్చు బాబాయ్" అన్నాను.

"ఎంత చిన్నదిరా. దీనికోసమా ప్రపంచమంతా తలలు బద్దలుకొట్టుకుంది" అన్నాడు. బాబాయి తిన్నగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

చక్రాలు తిప్పి సరిచేశాడు. తీరా చూస్తే, కుర్చీలో తాతయ్యను కూర్చోబెట్టాడు.

"నొక్కండి మామయ్యగారూ" అని ఒక చీటీ చేతికిచ్చాడు. మళ్ళీ ఐదేసి అక్షరాలు.

తాతయ్య ఒక మీట నొక్కితే చక్రం కదిలి, వేరే అక్షరం వెలిగింది. వెలిగిన ఇంగ్లిషు అక్షరాలను పిన్ని కూడబలుక్కుంటూ పోయింది. "కాఫీ... తాగారా... మామయ్యా."

అందరం గుడ్లప్పగించి చూస్తున్నాం.

"మాట ఉందల్లుడూ. అన్నాళ్ళూ లోపల మాట ఉంది" అన్నాడు తాతయ్య.

బయటికొస్తూ పిన్నిని అడిగాను, "బాబాయికి ఈ పిచ్చి చిన్నప్పటి నుంచా?"

"లేదురా. పెళ్ళైన కొత్తలో చక్కగా మాట్లాడేవారు. అమ్మ పోయాక నాన్న మంచం దిగడం మానేశాడు. మీ బాబాయి ఈ చీటీలు అప్పుడు మొదలెట్టారు. నాన్న కోసమే మొదలెట్టారు, తర్వాత నిజంగానే పిచ్చి పట్టింది."

"మరి అంతలా తిడతావేం?"

"తిట్టకపోతే ఇదంతా తన కోసమేనని నాన్నకు అనుమానం రాదూ?"

మర్నాడు ఫ్రిజ్ మీద తాతయ్య చేతిరాతలో ఒక చీటీ కనిపించింది. బాబాయి గంటసేపు కుస్తీ పట్టి చదివాడు.

"తాగాను. చక్కెర చాల్లేదు."