కోడిపిల్లల తొట్టెలకు ఆఫీసంతా

డెబ్బైలలో, మేం నాందేడ్‌లో కాపురం ఉన్నప్పటి సంగతి. గుమస్తా పని చేసే మా ఆయనకు ఉన్నట్టుండి కోళ్ల మీద నమ్మకం పోయింది. చెక్కపెట్టెలో బల్బు, థర్మామీటరు, గిన్నెడు నీళ్లు అమర్చి, ఏరికోరి పన్నెండు గుడ్లు పేర్చారు. పనికిరావని ఆయన తీసేసిన ఐదింటినీ మా అత్త అదే రోజు తన కోడి కింద పెట్టింది.

ఇంటికెవరొచ్చినా చాయ్ కంటే ముందు పెట్టె మూత తెరిచి, ఒక్కో గుడ్డూ చేతికివ్వడం మా ఆయన మర్యాద. వచ్చినవాళ్లు మెచ్చుకున్నంతసేపూ థర్మామీటరు దిగుతూనే ఉండేది.

"మనం బిడ్డకు ఇరవై ఒకటో దినం తొట్టెల జేస్తం గద! గుడ్డు పగిలేది గూడ గా దినమే" అంటూ ఆఫీసునంతా భోజనానికి పిలిచారు.

అందరూ వచ్చారు. "పిల్లం కుఠే?" అని, కోడిపిల్లలెక్కడంటూ మరాఠీలో అడిగారు పెద్ద సాహెబు. మా ఆయన మూత తీశారు. పన్నెండు గుడ్లూ మహా క్రమశిక్షణతో కదలకుండా ఉన్నాయి. అంతలో వంటింట్లోంచి అత్త కోడి నాలుగు పిల్లలను వెంటేసుకుని విస్తళ్ల మధ్యకు నడిచొచ్చింది! నవ్వులకు ఇల్లు దద్దరిల్లింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అత్త మాత్రం నెమ్మదిగా, "నా కోడి గిన్ని దినాలల్ల ఎవరికన్న గుడ్డెత్తి సూపెట్టిందార?" అంది.

రెండోసారి పెట్టె అత్త చేతికి పోయింది. గుడ్లు తిప్పే వేళకు తప్ప మూత తీయనివ్వలేదు. తొమ్మిది పిల్లలు లేచాయి. ఈసారి చూపించడానికి పిల్లలున్నాయి కానీ, మా ఆయన పిలిస్తే వచ్చేవాళ్లే లేరు.