గురువారం బడి లేదు

నేను పనిచేసే అరబ్బుల ఇంట్లో పిల్లలకు ఈ వారం నుంచి బడి నాలుగు రోజులే. "గురువారం మదరసా ఖలాస్! ఇక బడి లేదు, పిల్లలు హాయిగా పడుకుంటారు" అని ఇంటి యజమానురాలు, నేను 'మామా' అని పిలిచే ఆవిడ, సంబరపడింది. మంచిదే. తెల్లవారకముందే ముగ్గురినీ లేపి తయారుచేసే తిప్పలు నాకూ తప్పాయి.

కానీ నా కూతురు ఫోన్ చేసేది గురువారమే. రాయచోటి దగ్గర హాస్టల్లో చదువుతోంది. వారానికొకసారి, మధ్యాహ్నం భోజనాలప్పుడు, ఐదు నిమిషాలు ఫోన్ ఇస్తారు. ఇక్కడ అప్పుడు ఉదయం పదిన్నర. ఇన్నాళ్లూ ఆ వేళకు ఈ ఇల్లు ఖాళీగా ఉండేది.

ఈ రోజు ఆ వేళకు పొయ్యి మీద నూనె కాగుతోంది. నా ఫోన్ ఈ ఇంటి చిన్నపాప ఎత్తింది. ఐదేళ్లది. పుట్టినప్పటి నుంచి నా చంకలోనే పెరిగింది కాబట్టి అరబ్బీతో పాటు నా మాటా వచ్చింది. స్పీకర్‌లో అంతా వినిపిస్తోంది.

"మా అమ్మ యాడుంది?" అంది నా కూతురు.

"వంటింట్లో ఉండాది. ఇప్పుడు రాదు. మాకు బువ్వ పెట్టల్ల" అంది ఈ పిల్ల, అచ్చం నా యాసలో.

నూనె దించి పరిగెత్తేసరికి అవతల వార్డెన్ ఫోన్ అడుగుతోంది. "ఆ పాప నీ మాదిరే మాట్లాడ్తాందిమా" అని మాత్రం అంది నా కూతురు. ఫోన్ కట్టయింది.

సాయంత్రం మామా, "పిల్లలకు నీ దగ్గర ఇంకో రోజు దొరికింది" అంది. నవ్వి గిన్నెలు కడగబోయాను.

ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లారా, మీరు మీ పిల్లలతో ఏ వేళకు మాట్లాడుతున్నారో కాస్త చెప్పండి. వచ్చే గురువారంలోపు నాకు తెలియాలి.