ఖాళీ బండి

నడుముకు దెబ్బ తగిలి మంచాన పడ్డాను. మంచం దిగాక డాక్టర్ రోజూ సైకిల్ తొక్కమన్నాడు. ఏదీ మనసుకెక్కని రోజులవి, తొక్కలేదు. ఉమ్రిలో అమ్మేద్దామని సైకిల్‌తో నాందేడ్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న ముసలి రైతు నా సంగతంతా విన్నాడు.

"మా ఎద్దుకు నడుం పట్టుకుంటే కూసోనియ్యలే, తమ్మీ. రోజు ఖాళీ బండికి కట్టి వాగు దాంక తిప్పిన."

"మళ్ల దున్నిందా, కాకా?"

"లే. గని తనంతల తనే లేచి నీళ్లకు పోయేది."

ఉమ్రిలో ఇద్దరం దిగాం. క్యారియర్‌కు కట్టిన నా సంచి విప్పి ఆయన తన భుజాన వేసుకున్నాడు.

"ఖాళీగ తొక్కు," అన్నాడు.

నాకేమీ అనిపించలేదు. ఎక్కాను. సైకిల్ కొంటానన్నవాడి దుకాణం దాటిపోయాక గాని అమ్మడానికి వచ్చానని గుర్తు రాలేదు. వెనక్కి చూస్తే, ఆయన నా సంచి మోసుకుంటూ నెమ్మదిగా వస్తున్నాడు.