కోరుట్ల నుంచి వచ్చిన బోణీ

మొన్న పొద్దున దుకాణం తెరిచి, దీపం వెలిగించి కూర్చున్నానో లేదో, మా కోడలు ఫోను పట్టుకొచ్చి, మన కార్డు చెల్లింపుల గేట్‌వే పాతబడిపోయింది మామా, రుసుము కూడా ఎక్కువ గుంజుతోంది, వేరేదానికి మారిపోదామా అని అడిగింది. ఆమె అడిగింది సబబే. కానీ ఆ గేట్‌వే మాటెత్తితే చాలు, కోరుట్లలో ఒక ఇంటి అరుగు మీద తలవంచుకుని తాగిన చాయ్ గుర్తొచ్చి నాకు ఈ వయసులోనూ చెవులు వేడెక్కుతాయి.

మాది జగిత్యాలలో చిన్న బట్టల దుకాణం. తువ్వాళ్లు, లుంగీలు, లంగా గుడ్డ అమ్ముతాం. సరుకంతా సిరిసిల్లలో మా అక్క ఇంటి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిందే. మా నాయన ఉన్నన్నాళ్లూ కొత్త మూట విప్పినా, కొత్త గల్లా పెట్టె కొన్నా, బోణీ మాత్రం అక్క చేతే చేయించేవాడు. దాని చెయ్యి మంచిదని ఆయన నమ్మకం. ఆ నాణెం నా చేత్తో ఇస్తానని నేను మారాం చేస్తే, నీ చేతికి ఆకలెక్కువ, కలిసొచ్చే బరకత్ తక్కువరా అని నవ్వి, అక్క ఇచ్చింది కళ్లకద్దుకుని గల్లాలో వేసేవాడు. బోణీ సొమ్ము ఒకసారి గల్లాలో పడ్డాక తిరిగి ఇవ్వడమన్న మాటే లేదు, ఇస్తే ఇచ్చినవాళ్లను అవమానించినట్టే. మీ ఇళ్లలోనూ ఇంతే అయి ఉంటుంది.

ఊళ్లోకి పెద్ద మాల్స్ వచ్చి గిరాకి పలచబడి, దుకాణం నడపాలా మూసేయాలా అన్నంతవరకు వచ్చిన రోజుల్లో, ఇంటర్నెట్‌లో అమ్ముదామని కోడలే ధైర్యం చెప్పింది. గేట్‌వే ఏది పెట్టుకోవాలన్న దగ్గర నా గొప్పలు మొదలయ్యాయి. ఒకటి చౌక, కాని మన దేశపు కార్డులే తీసుకుంటుంది. ఇంకొకటి ఖరీదు, ఏడాది రుసుము ముందే కట్టాలి, అయితే విదేశీ కార్డులూ తీసుకుంటుంది. మనకు చౌకది చాలంది కోడలు. మన వైపు నుంచి దుబాయికీ మస్కట్‌కూ ఇంతమంది పోయి ఉండగా చిల్లర చూస్తావేమిటని నేను ఖరీదైనదే పట్టుబట్టి పెట్టించాను. బోణీకి అక్కను పిలుద్దామా అంటే, కార్డు ముఖమే చూడని మనిషితో ఇదేం బోణీ అన్నాను. ఎంత సులువుగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమెకు బదులు ఒక బ్యాంకు అధికారిని పిలిచి, శాలువా కప్పి, బజారులో నలుగురినీ పోగుచేశాను. ఆయన తన కార్డు అంకెలు కొడితే ఫోను మీద చక్రం గిరగిరా తిరిగి, చెల్లింపు విఫలమైందని చూపించింది. మళ్లీ కొట్టినా అంతే. ఆయన శాలువా మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ లోపమేదో మర్నాటికి సరిచేశారు గాని, ఆర్డరు మాత్రం ఒక్కటీ రాలేదు. పక్క దుకాణాలవాళ్లు దుబాయి బోణీ అయిందా అని అడిగి నవ్వుకునేవారు. అక్క ఫోను చేసి బాగోగులు అడిగితే, ఇంకా బోణీ కాలేదని ఆమె మీదే విసుక్కునేవాణ్ణి.

చివరికి ఒక మధ్యాహ్నం ఆర్డరు వచ్చింది. అరడజను తువ్వాళ్లు, ఎవరో ఒక ముస్లిం ఆమె పేరు మీద, దుబాయి నుంచి కాదు, పక్కనున్న కోరుట్ల నుంచి. అయితేనేం, బోణీ బోణీయే! బజారంతా మిఠాయి పంచి, మొదటి గిరాకిని కళ్లారా చూడాలని తువ్వాళ్లు పట్టుకుని నేనే బస్సెక్కాను.

ఆమె బట్టలు కుట్టే మనిషి. అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. కుట్టు మిషను పక్కనున్న లంగా గుడ్డ అంచు చూడగానే మా అక్క సాంచాల మీది గుడ్డని పోల్చుకుని, ఆ మాటే అడిగాను. ఆమె దాచలేకపోయింది.

"నేను మీ అక్క దగ్గర్నే గుడ్డ తెచ్చుకుంట. ఆమెనే చెయ్యిమన్నది అన్నా. కార్డు నాది, పైసలు ఆమెవి. సిరిసిల్ల నుంచి చందుర్తి మీదికెల్లి బస్సుల అచ్చి, నా పక్కన కూసొని, ఆఖర్ల బటన్ తనే ఒత్తింది. తమ్మునికి ఇంక బోణీ కాలేదట. నీకు మాత్రం చెప్పద్దన్నది."

తాను నేయించిన తువ్వాళ్లనే, పైన నా లాభం వేసుకుని, మా అక్క తిరిగి కొనుక్కుంది. తలవంచుకుని ఆ చాయ్ తాగేసి లేచాను. ఇంటికొచ్చి చెబితే, డబ్బు వాపసు పంపేద్దాం, ఒక్క నొక్కు నొక్కితే చాలంది కోడలు. బోణీ ఎలా వాపసు పంపుతాం? పంపలేదు, అక్క దగ్గర ఆ సంగతి ఎత్తనూ లేదు. ఆ తర్వాత మెల్లమెల్లగా ఆర్డర్లు అందుకుని దుకాణం నిలబడింది. దుబాయి నుంచీ వచ్చాయి, నేను గప్పాలు కొట్టినన్ని కాకపోయినా.

ఈసారి కోడలు చెప్పిన చౌక గేట్‌వేకే ఒప్పుకున్నాను, ఇప్పుడు అదీ విదేశీ కార్డులు తీసుకుంటుందట. ఈ రోజుల్లో చాయ్ బండి మీద కూడా ఒక డబ్బా కూర్చుని ఇన్ని రూపాయలు వచ్చాయని అరిచి చెబుతుంది గాని, అవి ఎవరి చేతి నుంచి వచ్చాయో ఎవరికీ పట్టదు. మా నాయన ముందు చెయ్యి చూసేవాడు, ఆ తర్వాతే నాణెం. అందుకే నిన్న అక్కకు ఫోను చేసి, కొత్త గేట్‌వేకు బోణీ నువ్వే చెయ్యాలని అడిగాను. ఇప్పుడు ఆమెకూ సొంత కార్డుంది. అవతల సాంచాల చప్పుడును మించి వినపడేలా ఆమె గొంతు పెంచింది.

"చేస్త తియ్యి తమ్మీ. గీసారి నా పేరే పెట్టుకోవచ్చా?"

నాకు తెలిసిపోయిందని ఇన్నేళ్లూ ఆమెకు తెలుసన్నమాట. పెట్టుకో అక్కా, ఈసారి బజారులో మిఠాయి నీ పేరు చెప్పే పంచుతానన్నాను.