హ్యాండ్‌గార్డ్ బిగించిన ఆదివారం

మా ఆయన మిలిటరీ నుంచి వచ్చాక వనపర్తిలో ఒక బ్యాంకు దగ్గర గార్డుగా చేరాడు. సొంత తుపాకి ఉంటేనే ఆ పని దొరుకుతుందని లైసెన్సు తీసుకుని పాత రకం రైఫిల్ ఒకటి కొన్నాడు. అది గద్వాలలో మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నాకు భయమే. బీరువాలో పెట్టి తాళం వేసినా సరే, ఆ బీరువా ముందు నుంచి పోవాలంటే ఎదుటి గోడకు ఒరుసుకుంటూ పోయేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి రైఫిల్ గొట్టం మీది చెక్క పొడుగునా పగిలి ఉంది. కాల్చినప్పుడు గొట్టం వేడి చేతికి తగలకుండా పైన కప్పే తొడుగు అది. హ్యాండ్‌గార్డ్ అంటారట.

"గిదెట్ల పలిగింది?" అన్నాను.

"బస్టాండ్ల ఎవడో తగిలిండు. కింద పడ్డది."

"పేలితే ఏం గావాలె?"

"తూటాలు సంచిల ఉంటయ్. బ్యాంకుకు పోయినంకనే లోడ్ చేస్త. ఊకె భయపడకు."

రెండో శనివారం బ్యాంకుకు సెలవు. ఇద్దరం హైదరాబాద్ పోయి తుపాకుల దుకాణం వెతుక్కున్నాం. దుకాణదారు మా లైసెన్సు చూసి, మేము రాసుకుపోయిన రైఫిల్ కొలత చూసి, రెండు హ్యాండ్‌గార్డులు గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి చెక్కది, నూనె పట్టించి నున్నగా మెరుస్తోంది. రెండోది నల్ల ఫైబర్‌ది, పైన అడ్డంగా గాట్లు ఉన్నాయి. నాకు చెక్కదే నచ్చింది, పాతదానిలాగే ఉందని.

ఆయన చెక్కదాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. మళ్లీ సర్ది పట్టుకున్నాడు. తరువాత నల్లది పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"గీ నల్లదే ఇయ్యి. జారదు," అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేల మీద దుప్పటి పరిచి రైఫిల్ తెచ్చాడు. నన్ను రైఫిల్ వెనక చెక్క కదలకుండా పట్టుకుని కూర్చోమన్నాడు. నేను రానన్నాను. ఆయన బోల్టు లాగి, లోపల ఏమీ లేదని చూపించి, నా వేలు కూడా పెట్టించాడు. చల్లటి ఇనుము తగలగానే వేలు వెనక్కి లాక్కున్నాను. అయినా కూర్చున్నాను, గొట్టం గోడవైపు తిప్పి ఉందో లేదో మాటిమాటికీ చూసుకుంటూ.

చెక్కను గొట్టానికి పట్టి ఉంచే ఇనుప పట్టీ మర విప్పి పగిలిన చెక్క తీసేశాడు. కొత్తది గొట్టం మీద పెడితే ఒక అంచు దిగలేదు. దాన్ని ఉప్పు కాగితంతో రుద్దాడు, ఊది మళ్లీ పెట్టాడు. ఈసారి సరిగ్గా కూర్చుంది. ఇక పట్టీ తొడిగి మర బిగించడమే మిగిలింది. ఎడమ చేతి వేళ్లతో మర పట్టుకుని కుడిచేత్తో తిప్పాలి. మర జారి దుప్పటి మీద పడింది. తీశాడు. మళ్లీ పడింది. అది తన వేళ్ల మధ్య లేదని ఆయనకు తెలియడం లేదు. ఖాళీ వేళ్లనే రంధ్రం దగ్గర పెడుతున్నాడు.

నేను రైఫిల్ సంగతి మరిచిపోయి ఆ వేళ్లనే చూస్తున్నాను.

"నువ్వు పెట్టు," అన్నాడు చివరికి, నా మొహం చూడకుండా.

నేనే మర పెట్టి బిగించాను. అప్పుడు అడిగాను. "బస్టాండ్ల నిజంగ ఎవరన్నా తగిలిండ్రా?"

పగిలిన చెక్కను దుప్పటి మీది నుంచి తీస్తూ అన్నాడు. "ఎవరు తగల్లే. చేతిలకెల్లి జారింది. కొన్ని దినాల సంది గిట్లనే మొద్దువారుతున్నది. ఇప్పుడు జారదు గద, గాట్లు ఉన్నయ్ గద."

డ్యూటీకి పోవద్దని ఆ రాత్రి ఎంత చెప్పినా వినలేదు. సోమవారం పొద్దున్నే రైఫిల్ భుజాన వేసుకుని పోయాడు. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. బ్యాంకులో జనం, ఆయన చేతిలో తూటాలు నింపిన రైఫిల్, పట్టు తెలియని వేళ్లు, ఇవే కళ్ల ముందు. ఆధార్ కార్డు చేతపట్టుకుని బస్సెక్కాను. కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇస్తూ, "ఏమైందమ్మా, దవాఖానకా?" అని అడిగింది. నా మొహం అట్లా ఉందేమో.

బ్యాంకు ముందు పింఛన్ల కోసం ముసలివాళ్లు బారుగా ఉన్నారు. నిలబడలేనివాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. ఆయన తలుపు పక్కన, రైఫిల్ ఛాతీకి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడలేదు. నేను చూస్తుండగానే ఎడమ చెయ్యి సడలింది. గొట్టం కొద్దికొద్దిగా కిందికి వాలి, మెట్టు మీద కూర్చుని ఆకు వక్క నములుతున్న ఒకామె తల వైపు తిరిగింది. ఆమెకు తెలియదు. ఆయనకూ తెలియదు.

అరిస్తే ఉలిక్కిపడతాడేమోనని అరవలేకపోయాను. పక్క నుంచి పోయి, కొత్త హ్యాండ్‌గార్డ్ కింద నా చెయ్యి పెట్టి మెల్లగా పైకి లేపాను. అంతవరకూ ఆ రైఫిల్‌ను నా అంతట నేను ముట్టుకున్నది లేదు.

ఆయన కిందికి చూశాడు. ఆ ముసలామెను చూశాడు. మొహంలో రక్తం లేదు.

"లోపలికి పోయి చెప్దాం పా," అన్నాను.

"నేనే చెప్త," అన్నాడు. గోడవైపు తిరిగి తూటాలన్నీ తీసి నా కొంగులో పోశాడు. తరువాత మేనేజర్ గదిలోకి పోయాడు. నేను తలుపు బయట ఆ బరువు పట్టుకుని నిలబడ్డాను.

నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరమ్మ తన రెండు వేళ్లు ఇచ్చి గట్టిగా పిసకమంది. ఆయన పళ్లు బిగించి పిసికాడు. "పట్టుకో," అందామె, ఆయన అప్పటికే బలమంతా పెట్టి పట్టుకునే ఉన్నాడు. మెడలో నరం నలిగిందని, ఆలస్యం చేస్తే చెయ్యే పోతుందని చెప్పింది. ఆపరేషన్ హైదరాబాద్‌లో అయింది. కొన్ని వేళ్లకు స్పర్శ వచ్చింది, చిటికెన వేలికి రాలేదు.

రైఫిల్ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాం. ఇప్పుడాయన గద్వాలలో ఒక విత్తనాల మిల్లులో గేటు దగ్గర కూర్చుంటున్నాడు. లారీలు వస్తే గొలుసు తీయాలి, పోతే వేయాలి, అంతే. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు కింది గుండీ దగ్గర ఆలస్యమవుతుంది. వంటింట్లో నుంచి చూస్తూ నిలబడతాను. పెట్టుకున్నాకనే నాకు ఊపిరాడుతుంది.