హట్‌బేలో చిక్కుకుపోయిన మావయ్య ఓట్లు

ఎన్నికల్లో అభ్యర్థి ఓడిపోవడం మీరు చూసే ఉంటారు. అభ్యర్థినీ, అతనికి ఓటేసే వాళ్ళందరినీ పోలింగుకు ముందే ఓడెక్కించి వేరే దీవిలో దింపేసిన మహానుభావుణ్ణి మాత్రం చూసి ఉండరు. చూడాలనుంటే పోర్ట్‌బ్లెయిర్ రండి. డిగ్నాబాద్‌లో ఎవర్నడిగినా మా ఇల్లు చూపిస్తారు, నవ్వుకుంటూ చూపిస్తారు.

మా దేవదానం మావయ్యకి మిడిల్ పాయింట్‌లో స్కూటర్ సామాన్ల దుకాణం. మా తెలుగు చర్చిలో పెద్దమనిషి. మొన్నటివి కాదు, అంతకుముందు పార్లమెంటు ఎన్నికల్లో కుట్టుమిషన్ గుర్తు మీద స్వతంత్రుడిగా నిలబడ్డాడు. ప్రచారమంతా మేనల్లుణ్ణని నాకప్పగించాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

"గెలవకపోయినా ఫర్వాలేదురా జాన్. మన డిగ్నాబాద్ బూత్‌లో మాత్రం మనదే పైచేయి కావాలి. అప్పుడైనా ఇక్కడ మనవాళ్ళున్నారని పెద్ద పార్టీలకి తెలుస్తాది" అన్నాడు.

"టెన్షన్ మత్ లో మావయ్యా! అందరి ఓట్లూ చీలిపోతాయి, మనవి మాత్రం కలిసుంటాయి" అన్నాను నేను.

కలిసే ఉన్నాయి లెండి. ఎక్కడన్నదే చెప్పబోతున్నాను.

ప్రచారం చివరి రోజుల్లో నా బుర్రకో ఆలోచన వచ్చింది. దక్షిణాన వేరే దీవిలో ఉన్న హట్‌బేలో మా చర్చికి అనుబంధ సంఘం ఒకటుంది. మన కుటుంబాలన్నీ ఓడలో అక్కడికెళ్ళి, మావయ్య గెలుపు కోసం ఉపవాస ప్రార్థన చేసి, పోలింగుకు ముందురోజు తిరిగొచ్చేస్తే? మావయ్య కళ్ళు చెమర్చాయి. అడ్డం పడింది మావయ్య తల్లి, మా అమ్మమ్మ ఒక్కతే.

"ఎలక్షన్ ముందు ఓడల్ని నమ్ముకుంటావేట్రా? మా చిన్నప్పుడు ఈ దీవులకి ఓటే లేదు, ఎంపీని ఢిల్లీవాళ్ళే పెట్టేసేవోరు. ఓటొచ్చాక నేనొక్కసారీ మాన్లేదు. ఇప్పుడు నీ ప్రార్థన కోసం మానతానా? నాను రాను."

"ఓడెక్కితే కడుపులో తిప్పుతుందని భయం, అంతే" అని నవ్వేసి, చర్చికి చర్చినే ఓడెక్కించాను. వెళ్ళడానికే టిక్కెట్లు తీశాను. తిరుగు టిక్కెట్లు అక్కడ చూసుకుందామనుకున్నాను. ఇలాంటివాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

ప్రార్థన అద్భుతంగా జరిగింది. తిరిగొద్దామని జెట్టీకెళ్తే అక్కడ సముద్రముంది, ఓడ లేదు.

"షిప్ ఎక్కడ భయ్యా?" అని జెట్టీ కాపలావాణ్ణి అడిగాను.

"ఎలక్షన్ డ్యూటీలో పోయింది. పోలింగ్ పార్టీల్ని దీవులకి తీసుకెళ్ళింది. పోలింగ్ అయ్యాకే వాపస్. ఎన్నికలొస్తే ప్రతిసారీ ఇంతే కదా, మీరు మెయిన్‌లాండ్ నుంచొచ్చారా?"

పుట్టి పెరిగింది ఇక్కడే అని చెప్తే ఉన్న పరువూ పోతుందని, అవునన్నట్టు తలూపాను. మావయ్య సామాను మీద కూలబడ్డాడు. నేను మాత్రం ఏమాత్రం తగ్గలేదు.

"మావయ్యా, అండమాన్, నికోబార్ మొత్తానికి ఒకటే సీటు! ఇక్కడా అదే కుట్టుమిషన్. పొద్దున్నే ఇక్కడే గుద్దేద్దాం!"

నేను డిగ్రీ పాసయ్యాను కాబట్టి అందరూ నమ్మారు. తెల్లారగానే హట్‌బే స్కూలు ముందు అందరికంటే పెద్ద లైను మాదే. లోపల కూర్చున్న అధికారి తెలుగాయనే. మా కార్డులు చూసి కళ్ళద్దాలు తీశాడు.

"మీ బూత్ డిగ్నాబాద్ కదా?"

"సీటు ఒకటే కదా సార్!"

"సముద్రమూ ఒకటే. అలాగని హట్‌బేలో వలేసి డిగ్నాబాద్‌లో చేపలు లాగుతావా? చలో, లైన్ ఖాళీ కరో!"

సాయంత్రం మావయ్య ఒక్క మాటన్నాడు. "నా ఓటు కూడా నాకు పడకుండా చేశావు కదరా." సిగ్గుతో చచ్చిపోయాను. పైగా పొద్దున్నుంచీ అందరూ ఉపవాసమే. ఈసారి ప్రార్థన కోసం కాదు, నా మీద కోపంతో.

లెక్కింపు రోజు ఏజెంటుగా లోపల కూర్చున్నది నేనే. డిగ్నాబాద్ బూత్‌లో కుట్టుమిషన్‌కి సున్నా. మేమెవరం అడుగుపెట్టని దీవుల్లో మాత్రం, ఎవరు వేశారో ఏమో, అక్కడో నాలుగు, ఇక్కడో ఆరు పడ్డాయి. ఇంటికొచ్చి చెప్పగానే మావయ్య నా కాలరు పట్టుకున్నాడు. సగంలో ఆగి, మంచం మీద కూర్చున్న అమ్మమ్మ వైపు తిరిగాడు.

"ఉండుండు. సున్నా ఏంటి? అమ్మా, నువ్విక్కడే ఉన్నావు కదా? ఓటెయ్యలేదా?"

"ఎందుకెయ్యలేదు? అందరికన్నా ముందెళ్ళి ఏశాను. ఓటొచ్చిన కాడ్నించీ ఒకటే గుర్తుకేస్తన్నాను. నువ్వు నిలబడ్డావని ఇప్పుడు మార్చమంటావేటి?"

మావయ్య చెయ్యి నా కాలరు మీంచి దానంతటదే జారిపోయింది. ఇద్దరం గుమ్మంలో పక్కపక్కనే కూలబడ్డాం.

అందుకే బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ ఎన్నికల్లోనూ మా ఓటర్లని జెట్టీ వైపు కన్నెత్తి చూడనివ్వను. మావయ్య మళ్ళీ నిలబడితే, ప్రచారం అమ్మమ్మ మంచం దగ్గర మొదలుపెడతాను. అక్కడ గెలిస్తేనే గడప దాటతాను.